గోడకున్న మామూలు ప్లగ్గే చాలు తమ్ముడూ, కాకపోతే ముందు ఆ ప్లగ్ సంగతి చూడు

ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నా:

"అన్నా నమస్తే. పోయిన నెల 2019 టొయోటా ప్రియస్ ప్రైమ్ సెకండ్ హ్యాండ్ లో తీసుకున్నా, 61 వేల మైళ్లు తిరిగింది. మాది రెంట్ ఇల్లు, గరాజ్ ఉంది. ఆఫీస్ ఇర్వింగ్ లో, ఒకవైపు 22 మైళ్లు, సగం పైన టోల్ వే మీదే. ఎలక్ట్రీషియన్ ని అడిగితే 240 వోల్టుల లైన్ లాగి ఛార్జర్ బిగించడానికి 1,400 డాలర్లు అన్నాడు, ఓనర్ ఏమో నీ డబ్బుతో నువ్వు చేసుకుంటే చేసుకో అంటున్నాడు. ఆఫీస్ లో ఆరు ఛార్జింగ్ పాయింట్లు ఉన్నాయి, మొదటి 4 గంటలు ఫ్రీ, ఆ తర్వాత గంటకి 3 డాలర్లు, ఎప్పుడు చూసినా ఫుల్లుగా ఉంటాయి. మాకు కరెంటు అన్నీ కలిపి యూనిట్ కి 14 సెంట్లు పడుతోంది, గ్యాస్ (అదే, పెట్రోల్) గ్యాలన్ 2.80 డాలర్లు. పెట్టించమంటావా వద్దా? రోజూ ఫుల్ ఛార్జ్ చేస్తే బ్యాటరీ పోతుందని ఒకరు, టెక్సాస్ లో ఏడాదికి 200 డాలర్ల ఫీజు కట్టాలని ఇంకొకరు భయపెడుతున్నారు. ఇంకోటి, అమ్మ ఇండియా నుంచి వచ్చింది, వానలో ఛార్జింగ్ పెడితే షాక్ కొడుతుందేమోరా అని రోజూ అడుగుతోంది."

తమ్ముడూ, ముందు ఆ 1,400 డాలర్లు జేబులోనే ఉంచుకో. నీది ప్లగ్ ఇన్ హైబ్రిడ్, అంటే ఛార్జ్ ఉన్నంత దూరం బ్యాటరీ మీద, అది అయిపోతే గ్యాస్ మీద నడిచే కారు, దానికి 240 వోల్టుల లైన్ అక్కర్లేదు. ఊరికే చెప్పట్లేదు, నువ్వు రాసిన లెక్కలతోనే చూద్దాం.

నీ కారు బ్యాటరీ మొత్తం 8.8 కిలోవాట్ అవర్లు, అంటే మన ఇండియా కరెంటు బిల్లు భాషలో 8.8 యూనిట్లు, అందులో పైన కొంచెం కింద కొంచెం కంపెనీ వాడు వదిలేసి మిగిలిందే మనల్ని వాడుకోనిస్తాడు, అందుకని ఖాళీ నుంచి ఫుల్ అవ్వడానికి గోడ నుంచి దాదాపు ఆరున్నర యూనిట్లు లాగుద్ది, దానికి 25 మైళ్లు వస్తాయి. యూనిట్ 14 సెంట్లు అంటే ఒక ఫుల్ ఛార్జ్ కి 91 సెంట్లు. ఇప్పుడు అదే 25 మైళ్లు గ్యాస్ మీద వెళ్తే? ఈ కారు గ్యాస్ మీద కూడా గ్యాలన్ కి 54 మైళ్లు ఇస్తుంది, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. అర గ్యాలన్ కూడా పట్టదు, 2.80 చొప్పున చూస్తే ఒక డాలర్ 30 సెంట్లు. అంటే ఒకసారి ఇంట్లో ఛార్జ్ పెడితే నీకు మిగిలేది 39 సెంట్లు. ఆ 39 సెంట్లతో 1,400 డాలర్లు తిరిగి రావాలంటే రోజూ ఒక్క రోజు కూడా మానకుండా పెట్టినా దాదాపు పదేళ్లు పడుతుంది, అదీ నీ ఇల్లు కాదు, రేపు ఖాళీ చేసి వెళ్తే ఆ లైన్ ఓనర్ కే మిగిలిపోతుంది.

మరి 240 వోల్టులు పెడితే వచ్చే లాభం ఏంటంటే టైమ్ ఒక్కటే. మామూలు 120 వోల్టుల ప్లగ్ కి ఐదు, ఐదున్నర గంటలు, 240 కి రెండు గంటల పది నిమిషాలు. రాత్రి 9 కి వచ్చి పొద్దున 8 కి వెళ్లే కారు రెండు గంటల్లో నిండితే ఏంటి, ఐదున్నర గంటల్లో నిండితే ఏంటి. ఇదే నువ్వు రావ్4 ప్రైమ్ కొని ఉంటే దాని బ్యాటరీ 18.1 యూనిట్లు, మామూలు ప్లగ్ మీద 12 గంటలు పట్టుద్ది, పసిఫికా హైబ్రిడ్ అయితే 14 గంటలు, అప్పుడు ఆలోచిద్దాం అనేవాడిని. ప్రైమ్ కి మాత్రం వద్దు.

ఇంకొక చిన్న లెక్క చెప్తా, ఇది మాత్రం గుర్తు పెట్టుకో. మీ ఊళ్లో గ్యాస్ రేటుని 14 తో భాగించు. వచ్చిన అంకె కంటే కరెంటు చవకైతే ఛార్జ్ పెట్టు, లేకపోతే గ్యాస్ మీదే వెళ్లు. నీకు 2.80 ని 14 తో భాగిస్తే 20 సెంట్లు, ఇంట్లో నీకు 14 కాబట్టి లాభమే. అదే బయట ఏదో షాపింగ్ సెంటర్ లో యూనిట్ 35 సెంట్లు అని బోర్డు ఉంటే ఆగొద్దు, అక్కడ ఛార్జ్ పెట్టడం అంటే గ్యాస్ కంటే ఎక్కువ డబ్బు పోసి గంటల తరబడి కూర్చోవడం. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు కూడా ఈ కారు కొంటుంటారు, వాళ్లు ఈ లెక్క తప్పకుండా వేసుకోవాలి, గ్యాస్ 4.60 ఉంటే వాళ్ల గీత 33 సెంట్ల దగ్గర పడుతుంది, బే ఏరియా కరెంటు రేట్లు చాలా ప్లాన్లలో ఆ గీత దాటేస్తాయి, రాత్రి రేటు ఉన్న ప్లాన్ లేకపోతే ప్లగ్గు పెట్టి మరీ నష్టపోతారు. 14 తో భాగించే లెక్క ఈ మోడల్ కే, వేరే కారుకి వేరే అంకె వస్తుంది.

ఇక ఇప్పుడు అసలు విషయం, నేను భయపడేది దీని గురించే. మామూలు ప్లగ్ చాలు అన్నా కదా అని ఏ ప్లగ్ లో పడితే ఆ ప్లగ్ లో పెట్టొద్దు.

మిక్సీ రెండు నిమిషాలు తిరుగుద్ది, ఐరన్ బాక్స్ ఆగి ఆగి వేడెక్కుద్ది, కారు మాత్రం ఆగకుండా ఐదు గంటలు 12 ఆంప్స్ లాగుద్ది. 15 ఆంప్స్ బ్రేకర్ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) మీద గంటల తరబడి నడిచే లోడ్ 80 శాతం దాటకూడదని ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్, 15 లో 80 శాతం అంటే సరిగ్గా 12. అంటే ఆ లైన్ మీద కారు తప్ప ఇంకేమీ ఉండకూడదు. కానీ మన ఇళ్లల్లో గరాజ్ ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? పాత ఫ్రిజ్ అక్కడే, డీప్ ఫ్రీజర్ అక్కడే, చేపల వాసన ఇంట్లోకి రాకూడదని ఒక కాయిల్ స్టవ్ కూడా అక్కడే. పాత వైరింగ్ ఉన్న ఇళ్లల్లో ఇవన్నీ ఒక్క బ్రేకర్ మీదే ఉండొచ్చు, ఒక్కోసారి ఇంటి బయట ఉన్న ప్లగ్గులు, బాత్రూమ్ ప్లగ్గులు కూడా అదే లైన్.

మా వీధిలో ఒకళ్లింట్లో ఇదే జరిగింది. శుక్రవారం రాత్రి కారు ఛార్జింగ్ పెట్టి పొద్దున్నే ఇంకో కారులో హ్యూస్టన్ వెళ్లిపోయారు, రాత్రి ఎప్పుడో ఫ్రీజర్ మోటార్ స్టార్ట్ అయిన టైమ్ లో బ్రేకర్ పడిపోయింది, ఎవరూ చూడలేదు. ఆదివారం సాయంత్రం వచ్చి గరాజ్ తలుపు ఎత్తేసరికి నేలంతా నీళ్లు, ఫ్రీజర్ లో కట్టలు కట్టి పెట్టుకున్న గోంగూర, మటన్, చేపలు మొత్తం పారేశారు. ఆవిడ ఎంత బాధపడిందో నేను చూశా. అందుకే నువ్వు ఈ వీకెండ్ చెయ్యాల్సిన మొదటి పని ఏంటంటే, గరాజ్ లో కారు పెట్టే ప్లగ్ లో ఒక టేబుల్ లాంప్ పెట్టి ఆన్ చేసి, ప్యానెల్ దగ్గరికి వెళ్లి బ్రేకర్లు ఒక్కొక్కటే ఆపుతూ ఏది ఆపితే లాంప్ ఆరిపోతుందో చూడు, ఆ బ్రేకర్ ఆపి ఉంచి ఇంట్లో ఇంకేం ఆగిపోయాయో మొత్తం తిరిగి చూసి ఒక కాగితం మీద రాసుకో. ఫ్రీజర్ అదే లైన్ మీద ఉంటే దాన్ని వేరే లైన్ కి మార్చు. మార్చే వీలు లేకపోతే కారు సెట్టింగ్స్ లో ఛార్జింగ్ కరెంట్ తగ్గించుకునే ఆప్షన్ ఉంది, తగ్గిస్తే టైమ్ ఎక్కువ పట్టుద్ది కానీ లైన్ మీద భారం తగ్గుద్ది.

రెండోది ఆ సాకెట్. ప్లగ్ పెట్టి లాగి చూడు, గట్టిగా పట్టుకోవాలి, వదులుగా జారి వచ్చేస్తుంటే అది మార్చాల్సిందే. వదులుగా ఉన్న చోటే వేడి పుడుతుంది. ఛార్జింగ్ పెట్టిన అరగంటకి వెళ్లి ప్లగ్ తలమీద చెయ్యి పెట్టు, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపెయ్, ఇంక ఆ సాకెట్ లో పెట్టకు. మంచి సాకెట్ కొనడానికి కొన్ని డాలర్లే, ఓనర్ కి చెప్పి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ తో మార్పించు, 1,400 కాదు కదా దానిలో చిన్న వంతు కూడా అవ్వదు, దీనికి ఓనర్ కూడా కాదనడు, ఇల్లు ఆయనదే కదా కాలేది.

ఎక్స్‌టెన్షన్ వైర్ వద్దు. ఇది నేను పడి లేచి చెప్తున్న మాట. నా మొదటి ప్లగ్ ఇన్ కారు కొన్నప్పుడు మేం టౌన్ హోమ్ లో రెంట్ కి ఉండేవాళ్లం, కారు దాకా కేబుల్ అందట్లేదని ఇంట్లో ఉన్న సన్న ఎక్స్‌టెన్షన్ వైర్ వేసి మూడు వారాలు లాగించా, ఏం కాలేదు కదా అనుకున్నా. ఒక రాత్రి మా ఆవిడ ఏదో కాలుతున్న వాసన వస్తోందని లేపింది, వెళ్లి చూస్తే లాండ్రీ రూమ్ లో గోడ దగ్గర ప్లగ్, ఆ తెల్ల ప్లాస్టిక్ పిన్నుల చుట్టూ బెల్లం పాకం రంగుకి తిరిగి మెత్తబడి ఉంది, లాగితే తీగలాగా సాగింది. పక్క గదిలో పిల్లలు పడుకుని ఉన్నారు. ఇంకో గంట మేం లేవకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కారుని ప్లగ్ దగ్గరికి తీసుకురావాలి గానీ ప్లగ్ ని కారు దగ్గరికి తీసుకెళ్లకూడదు. నీ కారుకి ఛార్జింగ్ మూత వెనక కుడి వైపు ఉంటుంది, రివర్స్ లో పెడితే అందుతుందా, ముందుకి పెడితే అందుతుందా అని ఒకసారి రెండు రకాలుగా పెట్టి చూసుకో.

సెకండ్ హ్యాండ్ కాబట్టి కేబుల్ వచ్చిందా లేదా కూడా చూడు, డిక్కీలో అడుగున ఉంటుంది, పాత ఓనర్ ఇంట్లో గోడకే మర్చిపోయి కారు అమ్మేసిన కేసులు చాలా ఉన్నాయి. లేకపోతే వేరే కంపెనీది కొనుక్కోవచ్చు, నీ కారుకి పట్టే జే1772 రకం ప్లగ్ ది, భద్రత పరీక్ష పాసైందని చెప్పే యూఎల్ మార్క్ ఉన్నదే కొను, అతి చవకవి ముట్టుకోకు.

బ్యాటరీ సంగతి. డాష్ బోర్డ్ చూపించే మైళ్లు నమ్మకు, అది నువ్వు ఈ మధ్య ఎలా నడిపావో దాన్ని బట్టి మారుతుంటుంది. ఈవీ మైళ్లు, అంటే బ్యాటరీ మీద వెళ్లే మైళ్లు, సున్నా అయ్యాక ఇంటికొచ్చి ప్లగ్ పెట్టి గడియారం చూసి టైమ్ రాసుకో, మూత దగ్గర లైట్ ఆరిపోయినప్పుడు మళ్లీ రాసుకో. ఐదు గంటల చుట్టుపక్కల పడితే బ్యాటరీ బాగానే ఉన్నట్టు, మూడున్నర గంటల్లోనే నిండిపోయిందంటే అది చిక్కిపోయింది, అప్పుడు ఆలస్యం చేయకుండా డీలర్ దగ్గరికి తీసుకెళ్లు, ఎందుకంటే 2020 మోడల్ నుంచి హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్లు లేదా లక్షా 50 వేల మైళ్ల వారంటీ ఇచ్చారు కానీ నీది 2019, టెక్సాస్ లో 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లు, ఆ 8 ఏళ్లు మొదటి ఓనర్ కొన్న రోజు నుంచి లెక్క. ఆ తేదీ ఏంటో కనుక్కుని రాసిపెట్టుకో. అలాగే కారు విన్ నంబర్ (ఒక్కో కారుకి విడిగా ఉండే గుర్తింపు నంబర్) ని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఇక్కడ రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) సైట్ లో కొట్టి రీకాల్స్, అంటే లోపం ఉంది తెస్తే బాగుచేస్తాం అని కంపెనీ పిలిచినవి, పెండింగ్ ఉన్నాయేమో చూడు, ఇది సెకండ్ హ్యాండ్ ప్లగ్ ఇన్ ఏది కొన్నా చెయ్యాల్సిందే, 2022 లో 2017, 2018 పసిఫికా హైబ్రిడ్ లకి రీకాల్ వచ్చినప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, ఇంటికి దూరంగా బయట పార్క్ చెయ్యండి అని కంపెనీయే చెప్పింది, సెకండ్ హ్యాండ్ లో కొన్నవాళ్లకి అలాంటి లెటర్ పాత అడ్రస్ కి వెళ్లిపోతే తెలియను కూడా తెలియదు.

రోజూ ఫుల్ చేస్తే పోతుందా అన్నావు, పోదు. నీకు ఫుల్ అని చూపించేది నిజంగా నూటికి నూరు కాదు, పైన కొంచెం వదిలేసే ఉంటాడని ఇందాక చెప్పా కదా. కాకపోతే మన టెక్సాస్ ఎండల్లో ఫుల్ గా నింపి రోజుల తరబడి ఎండలో వదిలెయ్యడం మంచిది కాదు. కారులో టైమర్ ఉంది, పొద్దున బయల్దేరే టైమ్ ఇస్తే దానికి కొంచెం ముందు నిండేలా అదే చూసుకుంటుంది, అది పెట్టుకో. వెనక సీటు దగ్గర బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ ఉంటుంది, దాని మీద బట్టలు, బ్యాగులు పడెయ్యొద్దు, దుమ్ము పడితే శుభ్రం చేయించు, బ్యాటరీకి ఫుల్ ఛార్జ్ కంటే వేడి పెద్ద శత్రువు.

ఇప్పుడు ఆఫీస్ కి వద్దాం. నీకు నిజంగా డబ్బు మిగిలేది ఇక్కడే, ఎందుకంటే ఫ్రీ. ఒక ఫుల్ ఛార్జ్ ఫ్రీగా దొరికితే డాలర్ 30 సెంట్లు మొత్తం నీదే, ఏడాదికి 230 రోజులు ఆఫీస్ కి వెళ్తావు అనుకుంటే దాదాపు 300 డాలర్లు. ఇంట్లో నిండుగా బయల్దేరితే 22 మైళ్లకి బ్యాటరీ ఖాళీ అవుతుంది, అక్కడ నింపుకుంటే రిటర్న్ కి మళ్లీ 25 మైళ్లు, నీ దూరానికి ఈ కారు కొలిచినట్టు సరిపోయింది.

కానీ ఒక్క విషయం మనసులో పెట్టుకో, ఆరు పాయింట్లకి ఎదురు చూస్తున్నవాళ్లల్లో పూర్తి ఎలక్ట్రిక్ కార్లవాళ్లు ఉంటారు, వాళ్లకి ఛార్జ్ దొరక్కపోతే ఇంటికి వెళ్లడమే కష్టం అవ్వొచ్చు, నీకు దొరక్కపోతే గ్యాస్ ఉంది. నీ కారు 3.3 కిలోవాట్ కంటే ఎక్కువ తీసుకోలేదు, పాయింట్ ఎంత పెద్దదైనా నీకు రెండు గంటల పది నిమిషాలే. అందుకని 4 గంటలు ఫ్రీ కదా అని 4 గంటలు ఉంచకుండా ఫోన్ లో అలారం పెట్టుకుని, పెట్టిన రెండుంబావు గంటల తర్వాత వెళ్లి తీసేస్తే ఒకే పొద్దుట్లో ఆ పాయింట్ ఇద్దరికి పనికొస్తుంది. నీ కారులో కనెక్టర్ లాక్ కి ఒక సెట్టింగ్ ఉంది, ఛార్జింగ్ అయిపోగానే లాక్ వదిలేసేలా పెట్టుకోవచ్చు, మీటింగ్ లో ఇరుక్కుని లేట్ అయినా పక్కవాళ్లు తీసి పెట్టుకోగలరు.

దానికంటే మంచి దారి ఇంకోటి ఉంది. మీ ఆఫీస్ పార్కింగ్ గరాజ్ లో స్తంభాలకి మామూలు 120 వోల్టుల ప్లగ్గులు ఉన్నాయేమో చూడు, క్లీనింగ్ వాళ్ల కోసం పెడుతుంటారు. నువ్వు 8 గంటలు ఆఫీస్ లో ఉంటావు, నీకు ఐదున్నర గంటలు చాలు, అంటే ఆ మామూలు ప్లగ్ నీకు స్టేషన్ తో సమానం, ఎవరితో పోటీ లేదు, కారు తీయడానికి మధ్యలో పరిగెత్తాల్సిన పనీ లేదు. కానీ అడగకుండా పెట్టకు. బిల్డింగ్ చూసుకునే ఫెసిలిటీస్ వాళ్లకి మెయిల్ రాయి, రోజుకి ఆరున్నర యూనిట్లు, డాలర్ లోపే అవుతుంది, కావాలంటే నెలకి ఇంత అని కడతా అని స్పష్టంగా రాయి, జవాబు కూడా మెయిల్ లోనే తీసుకో. చాలామంది కాదనరు, అడగకుండా పెట్టినవాళ్ల మీదే కోపం వస్తుంది.

ఛార్జ్ దొరకని రోజు ఏం చెయ్యాలంటే, టోల్ వే ఎక్కగానే హెచ్‌వీ బటన్ నొక్కి గ్యాస్ మీద వెళ్లు, కిందకి దిగి సిగ్నల్స్ ఉన్న రోడ్ల మీదకి రాగానే ఈవీ కి మార్చుకో. గంటకి 75 మైళ్ల స్పీడ్ మీద వెళ్తే ఆ 25 మైళ్లు 20 కి పడిపోతాయి, నిదానంగా వెళ్లే చోట బ్యాటరీ వాడితే ఎక్కువ దూరం వస్తుంది. ఇంకొకటి, అదే బటన్ ని నొక్కి పట్టుకుంటే ఇంజన్ తో బ్యాటరీ నింపే మోడ్ వస్తుంది, కొత్తగా కొన్నవాళ్లు భలే ఉందే అని అది వాడేస్తారు, అది గ్యాస్ పోసి కరెంటు కొనుక్కోవడమే, వాడకు.

మిగతావి చిన్నవి. 200 డాలర్ల ఫీజు పూర్తి ఎలక్ట్రిక్ కార్లకే, నీకు వర్తించదు. సెకండ్ హ్యాండ్ వాటికి 4,000 డాలర్ల దాకా ఇచ్చిన ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30 తర్వాత కొన్నవాటికి లేదు, ఎవరైనా వస్తుందని చెప్తే నమ్మకు. రాత్రి ఫ్రీ కరెంటు ప్లాన్ కి మారాలా అనే ఆలోచన వస్తే, కారుకి నెలకి 200 యూనిట్ల లోపే, మన ఎండాకాలం ఏసీ ముందు అది లెక్కలోది కాదు, పగలు రేటు ఎంతో చూసి ఇంటి మొత్తానికి లాభమైతేనే మారు. ఇంకా 2019 దాంట్లో నాలుగు సీట్లే అని మర్చిపోకు, అమ్మ వచ్చింది కదా, అందరూ కలిసి గుడికి వెళ్లే రోజు ఆ లెక్క చూసుకో.

అమ్మ భయం గురించి, ఆవిడ అడిగిందాంట్లో తప్పేం లేదు, మన ఊళ్లో తడి చేత్తో మోటార్ స్విచ్ వేసి పోయినవాళ్లని చూసిన తరం వాళ్లది. ఆమెకి ఇలా చెప్పు, కారులో పెట్టే ఆ తుపాకీ లాంటి దాంట్లో ఊరికే పట్టుకుంటే కరెంటు ఉండదు, అది కారులో పూర్తిగా కూర్చుని, కారూ, కేబుల్ కి ఉన్న బాక్సూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని అంతా బాగుంది అనుకున్నాకే లోపల స్విచ్ పడి కరెంటు వస్తుంది, బటన్ నొక్కి లాగబోతుంటేనే మళ్లీ ఆగిపోతుంది. అందుకే కారు వైపు వాన పడినా పర్లేదు. జాగ్రత్త పడాల్సింది గోడ వైపు, ఆ ప్లగ్గూ, కేబుల్ మధ్యలో ఉండే బాక్సూ నీళ్లలో ఉండకూడదు, గరాజ్ తలుపు కింద నుంచి వాన నీళ్లు వస్తుంటే బాక్స్ ని నేల మీద వదలకుండా గోడకి ఒక మేకు కొట్టి తగిలించు. ఒక సాయంత్రం అమ్మని దగ్గర నిలబెట్టి చూపించు, పెట్టేటప్పుడు ముందు గోడకి తర్వాత కారుకి, తీసేటప్పుడు ముందు కారు నుంచి తర్వాత గోడ నుంచి, చేతులు పొడిగా తుడుచుకుని, ఒకసారి ఆవిడ చేత్తోనే పెట్టించు.